వాననీటి బిల్లు ఎవరు కడుతున్నారు?



మమ్మల్ని ఈ సాయంత్రం మాట్లాడమన్న విషయం వాననీటి కాలువలు. సామాజిక న్యాయం గురించి పెట్టుకున్న సభలో కాలువల ముచ్చటేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. భూమి, కూలి, కులం, ఇళ్ళ పట్టాలు మనకు అలవాటైన విషయాలు. కాలువంటే ఇంజనీర్ల సంగతి, కార్పొరేషన్ సంగతి అనుకుంటాం. కానీ మనం బెంగళూరులో తరతరాలుగా ఉంటున్న తెలుగువాళ్ళం. ఈ నగరంలో తెల్లవారకముందే చీపురు పట్టుకుని వీధిలోకి దిగే పౌరకార్మికుల్లో మన మాట మాట్లాడే దళిత స్త్రీలు ఎంతమందో మీకు తెలుసు. కాలువ పొంగితే ముందు తడిసేది ఎవరి గడప, పూడితే ముందు దిగేది ఎవరి కాళ్ళు అని చూస్తే, ఇది మన విషయం కాక ఎవరి విషయం?

ముందు నేల సంగతి చెప్పుకుందాం. బెంగళూరు నడిబొడ్డున చెప్పుకోదగ్గ నది లేదు. సముద్ర మట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున, ఒక గట్టు మీద కూర్చున్న ఊరిది. గట్టుకు ఒక పక్క పడిన వాన దక్షిణ పినాకిని వైపు పోతుంది, రెండో పక్క పడినది అర్కావతి మీదుగా కావేరిలో కలుస్తుంది. నది లేని ఊరు బతకాలంటే పడిన చుక్కను ఆపుకోవాలి. అందుకే పాతవాళ్ళు గొలుసుకట్టు చెరువులు కట్టారు. పై చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు కింది చెరువుకు, అది నిండితే ఇంకా కిందికి. చెరువుకూ చెరువుకూ మధ్య నీరు నడిచే దారినే ఇక్కడ రాజకాలువె అంటారు. కోరమంగల - చల్లఘట్ట, వృషభావతి, హెబ్బాళ అని మూడు పెద్ద లోయలు. ఊరి వాననీరంతా ఈ మూడు లోయల్లోంచే దిగాలి.

ఆ చెరువుల మట్టి ఎత్తినవాళ్ళను కన్నడంలో మణ్ణు వడ్డర్లు అంటారు. మన ఒడ్డెరలే. వాళ్ళ ఇళ్ళలో మాట్లాడుకునే మాట తెలుగుకు దగ్గరి చుట్టం. ఈ రాష్ట్రంలో తెలుగువాళ్ళ చరిత్ర అంటే విజయనగరం, కృష్ణదేవరాయలు అని మొదలుపెట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు. చెరువు మట్టిని గంపలకెత్తి తలమీద మోసిన తెలుగు గురించి సభలు పెట్టినవాళ్ళను మేము పెద్దగా చూడలేదు.

తర్వాత ఏం జరిగిందో మీకు తెలిసినదే. ధర్మాంబుధి చెరువు ఉన్నచోట మెజెస్టిక్ బస్టాండు వచ్చింది. సంపంగి చెరువులో కంఠీరవ స్టేడియం లేచింది. చెరువులు పోతే కాలువలు మాత్రం నిలుస్తాయా? కాగ్ సంస్థ బెంగళూరు వాననీటి నిర్వహణ మీద 2021లో ఒక నివేదిక ఇచ్చింది. వందేళ్ళ కిందటి సర్వే పటాలతో పోల్చి చూస్తే కోరమంగల లోయలో 113 కిలోమీటర్లున్న కాలువలు 63 కిలోమీటర్లకు, వృషభావతి లోయలో 226 కిలోమీటర్లున్నవి 112 కిలోమీటర్లకు తగ్గాయని అందులో ఉంది. అంటే దాదాపు సగం దారి మాయమైంది. మరో పక్క ఊరు ఎన్నో రెట్లు పెరిగింది. నీరు పెరిగింది, దారి తగ్గింది.

నీరు పెరగడమేమిటి, వాన అంతే కదా అంటారు. ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పనివ్వండి, పిల్లలు కాగితం తీసుకోండి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది సరిగ్గా ఒక లీటరు. మట్టి నేల మీద పడిన వానలో చాలా భాగం ఇంకుతుంది. సిమెంటు మీద, తారు మీద, గ్రానైటు పలకల మీద పడినది దాదాపు అంతా పరుగెత్తుతుంది. 30×40 సైటు అంటే 111 చదరపు మీటర్లు. బెంగళూరుకు ఏడాదికి సగటున సుమారు 970 మిల్లీమీటర్ల వాన. అంటే ఒక్క 30×40 సైటు మీద ఏడాదిలో లక్ష లీటర్ల పైన నీళ్ళు పడతాయి. సందు లేకుండా కట్టేస్తే ఆ లక్ష లీటర్లనూ మనం గేటు బయటికి తోస్తున్నట్టే. గేటు బయట అది ఎవరి నీరు? ఎవరిదీ కాదు. ఎవరిదీ కాని నీరు కిందికే పోతుంది, కింద ఎవరున్నారో దానికి తెలియదు.

2022 సెప్టెంబరు 4 రాత్రి, తెల్లవారితే 5, ఒక్క రాత్రిలో 131 మిల్లీమీటర్ల వాన పడింది. పది ఎకరాల టెక్ పార్కు ఒకటి తీసుకోండి. పైకప్పులు, పార్కింగు, రోడ్లు కలిపి అంతా కప్పేసి ఉందనుకుంటే ఆ ఒక్క రాత్రే అది సుమారు 53 లక్షల లీటర్లు బయటికి పంపింది. అవుటర్ రింగ్ రోడ్డు పొడవునా అలాంటివి ఎన్నున్నాయో మీలో అక్కడ ఉద్యోగాలు చేసేవాళ్ళకు మాకంటే బాగా తెలుసు. ఆ నీరంతా వెళ్ళాల్సిన చెరువులు, కాలువలు ఉన్నచోటనే ఆ పార్కుల్లో కొన్ని, వాటి పక్కన విల్లాలూ ఉన్నాయి. ఆ వారం టీవీల్లో ట్రాక్టర్ల మీద ఆఫీసుకు పోతున్న ఇంజనీర్లను, పడవల్లో బయటికొస్తున్న విల్లా కుటుంబాలను దేశమంతా చూసింది. వాళ్ళ కష్టాన్ని మేము ఎగతాళి చేయడం లేదు. నీళ్ళు ఇంట్లోకి వస్తే ఎవరికైనా భయమే. అయితే ఆ విల్లాల్లో వంట చేసే అమ్మ ఉండే రేకుల ఇంటి దగ్గరికి కెమెరా పెద్దగా పోలేదు.

అంతకు ఐదు రోజుల ముందు, ఆగస్టు 30న కూడా వాన పడింది. ఆ రోజు ఉద్యోగులు గంటల తరబడి రోడ్డు మీద చిక్కుకుపోవడం వల్ల 225 కోట్ల నష్టం వచ్చిందని అవుటర్ రింగ్ రోడ్డు కంపెనీల సంఘం ముఖ్యమంత్రికి ఉత్తరం రాసింది. పక్కనే ఇంకో అంకె పెట్టి చూడండి. 15వ ఆర్థిక సంఘం ఏడు పెద్ద నగరాల్లో వరదలు తగ్గించడానికి 2,500 కోట్లు సిఫారసు చేసింది. ముంబయి, చెన్నై, కోల్‌కతాలకు తలా 500 కోట్లు, బెంగళూరు, హైదరాబాదు, అహ్మదాబాదు, పుణెలకు తలా 250 కోట్లు. ఐదేళ్ళకు బెంగళూరుకు ఇవ్వమన్నది 250 కోట్లు, కంపెనీలు ఒక్కరోజు పోయిందని చెప్పుకున్నది 225 కోట్లు. నష్టం లెక్క అంత పక్కాగా వేయగలిగినవాళ్ళు, తమ పార్కింగు స్థలం నుంచి ఎన్ని లీటర్లు బయటికి పోయాయో కూడా వేయగలరు. ఆ లెక్క మాత్రం ఎవరూ అడగలేదు.

సరే, డబ్బు సంగతికి వద్దాం. కాలువలు తవ్వడానికి, గోడలు కట్టడానికి, పూడిక తీయడానికి డబ్బు ఎక్కడిది? కొంత ఆస్తి పన్ను నుంచి, చాలా భాగం రాష్ట్ర ప్రభుత్వ గ్రాంటు నుంచి, కొంత కేంద్రం నుంచి, కొంత అప్పు. రాష్ట్రం సొమ్మైనా, కేంద్రం సొమ్మైనా మనం సబ్బు కొన్నప్పుడు, చెప్పులు కొన్నప్పుడు, ఫోను రీఛార్జి చేయించినప్పుడు కట్టిన పన్నే. అప్పైతే తీర్చేది కూడా ఆ పన్నుతోనే. ఇందులో ఎక్కడా ఎంత నీరు తోస్తే అంత కట్టాలన్న నియమం లేదు. ఆస్తి పన్నుకు మీ కట్టడం ఎంత, మీ ప్రాంతం ఏది అన్నవి కావాలి. ఇంటి చుట్టూ నేలను మట్టిగా ఉంచి కానుగ చెట్టు పెట్టుకున్నవాళ్ళకూ, చివరి అంగుళం దాకా టైల్స్ పరిచినవాళ్ళకూ కాలువ విషయంలో ఒక్క రూపాయి తేడా ఉండదు.

మరి తేడా లేకపోతే అందరూ సమానంగా కడుతున్నట్టా? కాదు. రసీదు లేని బిల్లులు ఇంకా రెండు ఉన్నాయి.

ఒకటి నీళ్ళొచ్చిన ఇంటి బిల్లు. బెంగళూరు రాజకాలువెల్లో పారేది వాననీరు ఒక్కటే కాదు, ఏడాదంతా మురుగు పారుతుంది. బెళ్ళందూరు చెరువు నురగలు కక్కి, మంటలు కూడా లేచి దేశమంతా వార్తయింది ఆ మురుగు వల్లే. కాబట్టి వరద వచ్చిందంటే ఇంట్లోకి వచ్చేది మురుగే. బియ్యం డబ్బా, గ్యాస్ స్టవ్, పిల్లల పుస్తకాలు, రేషన్ కార్డు, పరుపు. పరుపును ఎంత ఎండబెట్టినా వాసన పోదు. రెండు రోజుల కూలి పోతుంది, తర్వాత జ్వరాలు. 2020 అక్టోబరులో హైదరాబాదులో వరదలొచ్చినప్పుడు కుటుంబానికి 10,000 రూపాయలు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. మీలో చాలామందికి అక్కడ చుట్టాలున్నారు, ఆ డబ్బు ఎన్ని రోజులకు వచ్చిందో అడిగితే చెబుతారు. కంపెనీల సంఘం రాసినట్టు రేకుల ఇంటివాళ్ళు నష్టం లెక్క కట్టి ఉత్తరం రాయరు. అందుకే ఆ బిల్లు ఏ బడ్జెట్‌లోనూ కనిపించదు.

రెండోది కాలువలోకి దిగినవాళ్ళ బిల్లు. మనుషుల చేత పాకీ పని చేయించడాన్ని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చింది. సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన కేసులో 2014 మార్చిలో సుప్రీంకోర్టు, సీవర్లలో దిగి చనిపోయినవాళ్ళ కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని చెప్పింది. 2023 అక్టోబరులో మరో తీర్పులో దాన్ని 30 లక్షలు చేసింది. ఆ ఆందోళనకు ముందు నిలిచిన బెజవాడ విల్సన్ ఈ కర్ణాటకలోనే, కోలారు బంగారు గనుల్లో, మనలాంటి తెలుగు దళిత కుటుంబంలోనే పుట్టాడు. 2016లో ఆయనకు మెగసెసే పురస్కారం వచ్చింది. మన పిల్లలకు ఆయన పేరు బడిలో చెప్పరు కాబట్టి ఇక్కడ చెబుతున్నాం.

ఇందులో ఒక మెలిక ఉంది. చట్టంలో ఉన్న మాటలు సీవరు, సెప్టిక్ ట్యాంకు. వాననీటి కాలువ అని బోర్డు పెట్టినదాంట్లో మురుగు పారుతుంటే, పూడిక తీయడానికి దిగినవాణ్ణి ఏమనాలి? పేరు మారిస్తే గ్యాసు మారదు, బురద మారదు, దిగే మనిషి కులం కూడా మారడం లేదు. మురుగును వాననీటి కాలువల్లోంచి తప్పించడం ఇంజనీరింగు పనే. కానీ దాన్ని ఏళ్ళ తరబడి వాయిదా వేయగలుగుతున్నారంటే అందులో దిగడానికి మనుషులు దొరుకుతున్నారు కాబట్టే.

ఇతర దేశాల్లో ఏం చేస్తున్నారో క్లుప్తంగా చెబుతాం. అక్కడ అంతా బాగుందని చెప్పడానికి కాదు. జర్మనీలో చాలా నగరాల్లో వాడిన నీటికి ఒక లెక్క, వాననీటికి వేరే లెక్క. బెర్లిన్‌లో 2000 నుంచి ఇదే పద్ధతి. మీ స్థలంలో ఎన్ని చదరపు మీటర్ల గట్టి నేల నుంచి నీరు కాలువలోకి పోతుందో అన్నింటికి కట్టాలి. నీటిని మీ స్థలంలోనే ఇంకించుకుంటే ఆ మేరకు తగ్గుతుంది. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరం పూర్వం నీటి మీటరు సైజును బట్టి వాననీటి రుసుము వేసేది. దాంతో నీళ్ళ కనెక్షనే లేని పెద్ద పెద్ద పార్కింగు స్థలాలు పైసా కట్టేవి కావు. 2010 నుంచి ఇళ్ళు కాని స్థలాలకు మీటరు వదిలేసి, నేల ఎంత కప్పారన్నది ప్రధానంగా చూడడం మొదలుపెట్టారు.

గొడవలు కాలేదా అంటే అయ్యాయి. మేరీల్యాండ్ రాష్ట్రంలో 2012లో పది ప్రాంతాలు ఈ రుసుము వేయాలని చట్టం చేస్తే, ప్రతిపక్షం దానికి 'వాన పన్ను' అని పేరు పెట్టింది. ఆకాశానికి కూడా పన్నా అని ఎగతాళి చేసింది. 2015లో ఆ నిర్బంధం తీసేశారు. పేరు పెట్టడంలో ఎంత బలముందో చూడండి. అది వాన మీద పన్ను కాదు, సిమెంటు మీద. కానీ ఒకసారి ఆ పేరు అంటుకున్నాక ఎంత చెప్పినా వినేవాళ్ళు లేకపోయారు.

ఆ గొడవలో చర్చిలు కూడా ఉన్నాయి. పెద్ద పైకప్పు, దాని చుట్టూ ఇంకా పెద్ద పార్కింగు. ఆస్తి పన్ను లేదు కాబట్టి ఈ రుసుము వాళ్ళకు కొత్తగా తగిలింది. అదే రాష్ట్రంలోని ప్రిన్స్ జార్జెస్ కౌంటీలో అధికారులు పాస్టర్లతో ఒక ఒప్పందం కుదుర్చుకున్నారు. ఆవరణలో నీరు ఇంకే తోటలు వేసి, విశ్వాసులకు పర్యావరణం గురించి బోధిస్తే రుసుము తగ్గిస్తామన్నారు. ఏం బోధించాలో ప్రభుత్వం చెప్పడమేమిటని అక్కడ విమర్శ వచ్చింది, మాకూ అది సబబుగానే తోస్తుంది. తోట వేయడానికి మాత్రం అభ్యంతరం ఏముంటుంది?

ఇప్పుడు మన దగ్గరికి రావాలి. ఈ మాట కొంత చేదుగా ఉంటుంది, పెద్దలు ఓర్చుకోవాలి. కర్ణాటకలో ఆరాధనా స్థలాలకు, గుడైనా మసీదైనా చర్చి అయినా, ఆస్తి పన్ను మినహాయింపు ఉంది. అది పోవాలని మేము అనడం లేదు. కానీ గత ఇరవై ఏళ్ళలో మన చర్చి ఆవరణలు ఏమయ్యాయో చూడండి. వేపచెట్టు కింద చాపలు వేసుకుని కూర్చున్న నేల ఇప్పుడు ఇంటర్‌లాక్ ఇటుకల కింద ఉంది. కార్లు ఆగాలని, చెప్పులకు బురద అంటకూడదని, పెళ్ళి ఫోటోల్లో బాగుండాలని. అర ఎకరం ఆవరణ మీద ఏడాదికి సుమారు 20 లక్షల లీటర్ల వాన పడుతుంది. పైన ఉన్న చర్చి తోసిన నీరు కింద ఉన్న కాలనీలోకి దిగితే, ఆ కాలనీలో కూడా మన విశ్వాసులే ఉంటారు. వాళ్ళ ఇల్లు మునిగినప్పుడు దుప్పట్లు, బియ్యం పంచడానికి మనం కమిటీ వేస్తాం. పంచాలి, వద్దని ఎవరూ అనరు. కానీ మన గేటు కిందనుంచి పోయిన నీటి గురించి ఆ కమిటీలో ఒక్క మాటైనా రాదు.

చట్టం లేదా అంటే ఉంది. 2009లో జలమండలి చట్టాన్ని సవరించి వాననీటి సంరక్షణ తప్పనిసరి చేశారు. కొత్త కట్టడాలైతే 30×40 సైట్ల నుంచి, పాతవైతే 60×40 సైట్ల నుంచి. చేయకపోతే నీళ్ళ బిల్లులో జరిమానా కలుస్తుంది. చాలామంది జరిమానా కట్టేసి ఊరుకుంటున్నారు. పైగా జరిమానా పోయేది జలమండలికి, కాలువలు ఉండేది కార్పొరేషన్ చేతిలో. నీరు తోసినవాడు కట్టిన డబ్బు కాలువ దాకా చేరనే చేరదు. 2025లో బెంగళూరును ఐదు కార్పొరేషన్లు చేశారు. కాలువ ఒక కార్పొరేషన్లో పుట్టి ఇంకోదానిలో పొంగితే ఎవరిని అడగాలన్నది కూడా ఇప్పుడు మన ముందున్న ప్రశ్న.

వాననీటికి వేరే రుసుము పెట్టాలా అని మమ్మల్ని అడిగితే, పెట్టాలనే అంటాం. కానీ ఊరికే ఇంకో సెస్సు వేస్తామంటే ఒప్పుకోకూడదు. ఈ నగరంలో ఆస్తి పన్నుతో కలిపి వసూలు చేసిన గ్రంథాలయ సెస్సు కోట్ల కొద్దీ ఏళ్ళ తరబడి గ్రంథాలయ శాఖకు అందకుండా బకాయి పడింది. వాన సెస్సు గతి కూడా అంతే కావచ్చు. కాబట్టి ఆ డబ్బు విడి ఖాతాలో ఉండాలి, ఏ లోయలో ఎంత వసూలైంది, ఏ కాలువకు ఎంత పెట్టారు అన్నది వార్డు కమిటీలో చదివి వినిపించాలి. చిన్న ఇళ్ళకు, ప్రకటిత మురికివాడలకు రుసుము ఉండకూడదు. కప్పిన నేల ఎంతన్నదే లెక్క కావాలి, ఇంకించుకున్నవాళ్ళకు తగ్గాలి. ఇళ్ళ యజమానులు దీన్ని అద్దెలో కలిపేస్తారని ఒక అక్క మమ్మల్ని మొన్న అడిగింది. కలుపుతారు, నిజమే. అందుకే పెద్ద వ్యాపార స్థలాలతో, లేఔట్లతో, సంస్థలతో మొదలుపెట్టమని అడగాలి. మన సంస్థలతో సహా.

ఇంకో భయం కూడా ఉంది, అది అన్నిటికంటే పెద్దది. కాలువకు డబ్బొచ్చిందంటే బుల్‌డోజరు వస్తుంది. 2016లో వరద తర్వాత రాజకాలువెల మీద ఉన్నాయని కొన్ని లేఔట్లలో ఇళ్ళు కూల్చారు. పన్ను రసీదులు, మంజూరు కాగితాలు చేతిలో పట్టుకుని నిలబడినవాళ్ళ ఇళ్ళు అవి. కాగితాలున్న మధ్యతరగతికే అలా జరిగితే, కాగితం లేని కాలువగట్టు వాళ్ళ సంగతి వేరే చెప్పాలా? కాలువకు దారి కావాల్సిందే, మేము కాదనడం లేదు. కానీ ముందు వేరే చోట ఇల్లు, అదీ పని దొరికే దూరంలో, బడి ఉన్న చోట, ఆ తర్వాతే కదిలించడం. పటం మీద గీత గీసేటప్పుడు టెక్ పార్కు దగ్గర వంకర తిరిగి, గుడిసెల దగ్గర తిన్నగా పోయే గీతను పట్టుకోవడానికి మన యువకులు సర్వే పటాలు చదవడం నేర్చుకోవాలి. గ్రామ పటాలు ప్రభుత్వ కార్యాలయాల్లో దొరుకుతాయి. సివిల్ ఇంజనీరింగు చదివినవాళ్ళు మనలో బోలెడుమంది ఉన్నారు. ఆదివారం రెండు గంటలు చాలు.

ఆవరణలో ఏం చేయాలన్నది కష్టమైన విద్య కాదు. 2024 వేసవిలో 6,000 లీటర్ల ట్యాంకరుకు, ఐదు కిలోమీటర్ల లోపైతే 600 రూపాయలని అధికారులు ధర కట్టాల్సి వచ్చిన ఊరిది. అంత దాహం వేసిన ఊళ్ళో లక్షల లీటర్లను గేటు బయటికి తోస్తున్నాం. పైకప్పు నీటిని ఇంకుడు బావికి మళ్ళించడం, పార్కింగులో కొంత భాగమైనా మట్టిగా ఉంచడం, వీలైతే పాత బావి పూడిక తీయించడం. కబ్బన్ పార్కులో పాత బావులు బాగుచేసి, కొత్త ఇంకుడు బావులు తవ్వినది సర్జాపుర వైపు నుంచి వచ్చిన మణ్ణు వడ్డర్లే. ఈ పని తెలిసిన కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. పని ఇచ్చేటప్పుడు బేరమాడకండి. లోతుకు దిగే పని అది, తాడు, హెల్మెట్టు, పైన ఇంకో మనిషి ఉన్నారో లేదో చూసే బాధ్యత ఆవరణ వాళ్ళదే.

తలుపు దగ్గర బల్ల మీద కొలత టేపులు పెట్టాం. వచ్చే ఆదివారం లోపు ఒక్కో చర్చి నుంచి ఇద్దరు యువకులు తమ ఆవరణలో కప్పిన నేల ఎంత, మట్టి నేల ఎంత, నీరు ఏ మూల నుంచి బయటికి పోతోంది, అక్కడి నుంచి ఏ వీధిలోకి దిగుతోంది కొలిచి రాసుకురావాలి. సెక్రటరీ గారిని ముందే అడగండి, గోడలెక్కకండి. ఆ వీధిలో ఉన్నవాళ్ళతో కూడా మాట్లాడి, పోయినసారి నీళ్ళు ఎంత ఎత్తుకు వచ్చాయో గోడ మీద గుర్తు చూపించమని అడగండి. కొలతలు తెచ్చాక వార్డు కార్యాలయానికి రాయాల్సిన అర్జీని అందరం కలిసి రాద్దాం. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి, ముందు వెనక వరుసలో ఉన్న అమ్మలకు మైకు ఇవ్వండి.